వాకిట్లో ఆగిన శోకం

ప్లేగు పాఠం చెప్పడంలో నాకు మంచి పేరుంది. దిల్‌సుఖ్‌నగర్‌లో కింద టిఫిన్ సెంటరు, పైన కోచింగ్ సెంటరు ఉన్న ఒక బిల్డింగులో ఏళ్ల తరబడి ప్రపంచ చరిత్ర చెబుతున్నాను. సర్కారు ఉద్యోగాల పరీక్షలకు చదివే పిల్లలకు ఐరోపా అంటే తేదీలు, యుద్ధాలు, ఒప్పందాలు. మధ్యాహ్నం అన్నం తిని వచ్చి కూర్చున్నవాళ్లలో సగం మంది కళ్లు తెరిచే నిద్రపోతుంటారు. ప్లేగు దగ్గరికి వచ్చేసరికి మాత్రం వెనక బెంచీవాళ్లు కూడా నిటారుగా కూర్చుంటారు. ఒకరి చావు కథ ఇంకొకరికి నిద్ర మత్తు వదిలిస్తుందని నాకు ఉద్యోగంలో చేరిన కొత్తలోనే అర్థమైంది.

లండన్‌లో ఇంట్లో ఒక్కరికి గడ్డ లేచిందంటే చాలు, ఇల్లు మొత్తానికి బయటినుంచి తాళం వేసేవాళ్లని చెబుతాను. తలుపు మీద ఎర్ర శిలువ, దాని పైన దేవుడు కరుణించాలని ఒక వాక్యం, వాకిట్లో కావలివాడు. జబ్బున్నవాడూ లోపలే, లేనివాడూ లోపలే. ఇటలీ రేవుల్లో ఓడలను వారాలకొద్దీ ఆపేసి, బట్టల మూటలు విప్పి, గాలికీ ఎండకూ ఆరబెట్టేవాళ్లని చెబుతాను. చావుకు జనం గుమిగూడవద్దని నగరాలు హుకుం జారీ చేసిన సంగతీ, చీకటి పడ్డాక గుంతల్లో పూడ్చిన సంగతీ చెబుతాను. ఆ తర్వాత నా అసలు కళ బయటికి వస్తుంది. శవాన్ని చూసి ఏ రోగంతో పోయిందో తేల్చడానికి పేటకింతమంది ముసలమ్మలను పెట్టేవాళ్లు. ప్లేగు అని తేలిస్తే ఇంటికి తాళం పడుతుంది కాబట్టి, ఇంటివాళ్లు ఆ ముసలమ్మ చేతిలో ఏదో ఒకటి పెట్టి ఇంకో రోగం పేరు చెప్పించేవాళ్లు. నేను ఆ ముసలమ్మలాగా నడుం వంచి, శవాన్ని చూసినట్టు చూసి, చెయ్యి వెనక్కి చాపి, "ఇది మామూలు జొరమే" అంటాను. క్లాసంతా నవ్వుతుంది.

కరోనా రెండో విడత వచ్చిన ఎండాకాలం సెంటరు మళ్లీ మూతపడింది. ఎల్బీనగర్‌లో మేము కిరాయికుండే అపార్ట్‌మెంటులో, పడకగదిలో, బియ్యం డబ్బా మీద ఫోన్ నిలబెట్టి పాఠాలు చెప్పేదాన్ని. తలుపు అవతల మా అత్తమ్మ కూర తరుగుతూ వినేది. ఆమెకు నా పాఠాల్లో నచ్చింది ఇదొక్కటే.

"అంటె ఆళ్ల దేశంల గుడ గత్తరొచ్చినప్పుడు పురిటాలు లెక్క మూలకు కూసోబెట్టిండ్రన్నట్టు" అంది ఒకరోజు. మా వైపు ఊళ్లను ఊడ్చేసే జబ్బులన్నిటికీ పెద్దవాళ్లు వాడే మాట గత్తర.

"కూసోబెట్టుడు గాదు అత్తమ్మా, తాళమేసిండ్రు."

"నువ్వేసినట్టేనా?" అంది.

ఆమె ఎత్తిపొడుపులో అబద్ధమేమీ లేదు. నాకు భయం ఎక్కువ, నోరు అంతకంటే ఎక్కువ. ఆ రోజుల్లో మా ఇంట్లో పాల ప్యాకెట్టు కూడా సబ్బు స్నానం చేయకుండా లోపలికి వచ్చేది కాదు. మా ఆయన దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక చీరల షాపులో సేల్స్ చూస్తాడు. పొద్దున పదింటికి లాక్‌డౌన్ సడలింపు ముగిసేలోగా షాపు ఒకసారి తెరిచి చూసి ఇంటికి వస్తే, చెప్పులు మెట్ల మీద, బట్టలు బకెట్లో, మనిషి బాత్రూములో ఉండాలి. ఆ తర్వాతే అతను నాకు భర్త. ఇదంతా అత్తమ్మ కోసమే. ఆమెకు షుగరుంది, దాన్ని మించిన ఆయాసం ఉంది. పోచంపల్లిలో పుట్టి పెరిగిన మనిషి. నేతకు ముందు నూలును మేకుల చుట్టూ చేత్తో తిప్పితిప్పి పోగులు పరిచే ఆసు పని చిన్నప్పటినుంచీ చేసి, కుడి భుజం పాడు చేసుకుంది. ఇంత పని చేసిన మనిషి ఇప్పుడు బాల్కనీలోంచి బాత్రూము దాకా నడిస్తే ఛాతీ పైకీ కిందికీ ఎగిరేది. ఈమెకు గనక అది అంటుకుంటే దవాఖానలో మంచం వెతకడానికి కూడా టైముండదని నాకు తెలుసు. నా తల్లి నాకు చిన్నప్పుడే పోయింది. పెళ్లయ్యాక ఈమె నన్ను తిడుతూ పెంచింది. ఈమెను పోగొట్టుకోవడానికి నేను సిద్ధంగా లేను.

ఆమెకు ఒకే ఒక్క చెల్లెలు. నాకు చిన్నత్తమ్మ. జీవితమంతా మూసారాంబాగ్‌లో కిరాయి గదుల్లో, మూసీ పొంగినప్పుడల్లా సామాను అటక మీదికెక్కిస్తూ బతికి, చివరికి బడంగ్‌పేట్‌లో నూరు గజాల జాగా కొని రెండు గదులు వేసుకుంది. భర్త లేడు, కొడుకులు లేరు. కూతురూ అల్లుడూ ఆమె దగ్గరే ఉంటారు. ఆ కూతురు మా ఆయనకు చెల్లెలి వరస, నాకు ఆడబిడ్డ.

చిన్నత్తమ్మ గురించి చెప్పాలంటే చావుల గురించి చెప్పాలి. మా వైపు చావింటికి వచ్చే ఆడవాళ్లు ఊరికే వచ్చి కుర్చీలో కూర్చోరు. వీధి మలుపులోనే గొంతెత్తుతారు. ఆ గొంతు విని ఇంట్లో ఆడవాళ్లు లేచి ఎదురొస్తారు. వాకిట్లో ఒకరి మెడ ఒకరు పట్టుకొని, చెంపకు చెంప ఆనించి, పోయిన మనిషి బతుకంతా రాగం తీసి చెప్పుకుంటూ ఏడుస్తారు. ఆ ఏడుపు అయ్యాక ముక్కు చీదుకొని, నీళ్లు తాగి, ఎప్పుడొచ్చిండ్రు, బస్సు దొరికిందా అని మామూలుగా మాట్లాడుకుంటారు. ఈ విద్యలో చిన్నత్తమ్మను మించినవాళ్లు మా చుట్టాల్లో లేరు. పోయినవాళ్లు చిన్నప్పుడు ఏ చెట్టు మీదినుంచి పడ్డారో కూడా ఆమె శోకంలో వచ్చేది. తగాదాలున్న ఇళ్లకు కూడా వెళ్లేది. పోచంపల్లిలో గానీ, నల్గొండలో గానీ, నగరంలో గానీ చావు కబురు వస్తే మా ఆయన "చిన్నమ్మ అప్పుడే బస్సెక్కుంటది" అని నవ్వేవాడు.

ఒక పొద్దున ఆడబిడ్డ ఫోన్ చేసింది.

"వదినా, అమ్మ పోయింది."

నా చేతిలో అట్లకాడ ఉంది. అది పట్టుకొనే నిలబడిపోయాను. ఎట్లా అని అడిగాను.

"గుండె ఆగింది. పొద్దుగాల లేశి మొఖం కడుక్కున్నది, కూసున్నది, గంతే."

చిన్నత్తమ్మకు గుండె జబ్బు లేదు. ఆమెకున్న జబ్బు మోకాళ్లు మాత్రమే. నేను ఏడవలేదు, ఆడబిడ్డను ఓదార్చనూ లేదు. వరసగా ప్రశ్నలు వేశాను. జొరముండెనా? లేదు వదినా. దగ్గు? లేదు. వాసన తెలుస్తుండెనా? తెలుస్తుండె. టెస్టు చేయించిండ్రా? అవసరం పడలే. ప్రతి ప్రశ్నకూ జవాబు నా మాట పూర్తికాకముందే వస్తోంది. తల్లి పోయి గంట కూడా కాని పిల్లను పట్టుకొని నేను పాఠంలో ముసలమ్మలాగా శవపరీక్ష చేస్తున్నానని తెలుస్తూనే ఉంది. అయినా నోరు ఆగలేదు. ఈలోగా అత్తమ్మ వచ్చి నా మొహం చూసి ఫోన్ లాక్కుంది.

ఆ తర్వాత మా ఇంట్లో జరిగింది యుద్ధమే. అత్తమ్మ స్నానం చేసి, బీరువాలోంచి ఒక ఎర్ర అంచు చీర తీసి కవర్లో పెట్టుకుంది. ఆడమనిషి పోతే పుట్టింటి చీర కప్పాలి. తల్లీదండ్రీ అన్నదమ్ములూ ఎవరూ మిగల్లేదు కాబట్టి ఇప్పుడు చిన్నత్తమ్మకు పుట్టిల్లంటే ఈమె ఒక్కతే.

"అత్తమ్మా, చీర నీ కొడుకుతోని పంపుదాం. నువ్వు పోవద్దు."

"నా చెల్లె సచ్చిపోయింది. నేను పోవద్దా?"

"గుండె అంటున్నరు గని నాకు నమ్మకం లేదు."

"నీకు దేని మీద నమ్మకముంది, పాల ప్యాకెట్టు మీద గుడ లేదాయె."

నేను ఐరోపాను తెచ్చాను. అక్కడ చావులకు వెళ్లినవాళ్లే తర్వాత చచ్చారనీ, అందుకే రాజ్యమే వద్దని ఆపిందనీ, తల్లి శవం వెంట బిడ్డ కూడా పోలేదనీ చెప్పాను. ఆమె చెప్పులేసుకుంటూ అంది.

"ఆళ్ల దేశంల గట్లనే సావనీ. నా చెల్లె గట్ల పోవద్దు."

మా ఆయన తల్లి ఏడిస్తే కరిగిపోయే మనిషి. అతని బండి మీద ఆమెను పంపితే వాకిట్లో ఏం జరుగుతుందో నాకు కనిపిస్తూనే ఉంది. అందుకని నా స్కూటీ మీద నేనే ఎక్కించుకుంటానన్నాను, షరతులు పెట్టాను. రెండు మాస్కులు. ఇంట్లోకి పోవద్దు. చీర దూరం నుంచి ఇద్దాం. ఎవరి మెడా పట్టుకోవద్దు. అన్నిటికీ సరే అంది. అంత తొందరగా ఒప్పుకునే మనిషి కాదు ఆమె. దాంతో నాకు ఇంకా భయం పట్టుకుంది.

మా ఆయన తన బండి మీద మాకు ముందు పోతున్నాడు. ఎల్బీనగర్ చౌరస్తా ఖాళీగా ఉంది. సాగర్ రింగ్ రోడ్డు దగ్గర పోలీసులు ఆపితే మా ఆయన "సావుకు" అన్నాడు, వాళ్లు ఇంకేమీ అడగకుండా చెయ్యి ఊపారు. ఆ రోజుల్లో ఆ మాట వాళ్లకు ఎన్నిసార్లు వినపడిందో. బండి గుంతలో పడ్డప్పుడల్లా వెనక కూర్చున్న అత్తమ్మ ఊపిరి మాస్కులోంచి నా మెడకు తగిలేది. దారి పొడుగునా నేను ఆ ఊపిరినే వింటూ నడిపాను. బడంగ్‌పేట్ దాటి నాదర్‌గుల్ వైపు తిరిగే సందులో చిన్నత్తమ్మ ఇల్లు.

సందులో షామియానా వేసి ఉంది. నేను పదిమందిని ఊహించాను, ముప్పైమంది దాకా ఉన్నారు. పోచంపల్లి నుంచి ఒక గూడ్స్ వ్యానులో వచ్చారట, పోలీసుల కంట పడకుండా లోపలి రోడ్ల మీదుగా. మాస్కులు చాలావరకు గడ్డాల కింద ఉన్నాయి. చిన్నత్తమ్మ ఎవరెవరి చావుకు పోయిందో వాళ్లందరి ఇళ్లనుంచీ మనుషులు వచ్చారు. ఒక పక్క చూస్తే కడుపు నిండినట్టనిపించింది, ఇంకో పక్క ఎవరెవరు దగ్గుతున్నారో వెతకడం మొదలుపెట్టాను.

బండి ఇంకా పూర్తిగా ఆగనేలేదు, అత్తమ్మ దిగింది. దిగుతూనే గొంతెత్తింది.

"ఓ నా చెల్లే... నన్నిడిశి ఎట్ల పోతివే..."

నేను ఆమె మణికట్టు పట్టుకున్నాను. పనికిరాదనుకున్న ఆ కుడిచేత్తోనే నన్ను విదిలించింది. మాస్కులు రెండూ కిందికి లాగేసింది. షామియానా కింద కూర్చున్న ఆడవాళ్లు లేచి నిలబడ్డారు. లోపలినుంచి ఆడబిడ్డ గడప దాటి వాకిట్లోకి వచ్చింది. జుట్టు విరబోసుకొని ఉంది, కళ్లు వాచిపోయి ఉన్నాయి. రెండు చేతులూ చాపి అత్తమ్మ ముందుకు నడుస్తోంది, ఆడబిడ్డ చేతులు కూడా లేచాయి. నేను వెనకనుంచి "అత్తమ్మా" అని అరిచాను. నా అరుపు ఎవరికీ వినపడలేదు.

ఇంకో నాలుగు అడుగులున్నాయనగా ఆడబిడ్డ ఆగిపోయింది. లేచిన చేతులను అడ్డంగా పెట్టింది.

"పెద్దమ్మా, ఆడనే ఆగు."

అత్తమ్మ శోకం ఆగలేదు, అడుగూ ఆగలేదు. ఆడబిడ్డ వెనక్కి జరిగి గోడకు ఆనుకుంది.

"నీ కాళ్లు మొక్కుత పెద్దమ్మా, దగ్గరికి రాకు. గుండె గాదు. అమ్మకు అదే వచ్చింది. నాకు గుడ జొరమున్నది."

అప్పుడు ఆగింది అత్తమ్మ. శోకం కూడా మాట మధ్యలో ఆగింది.

ఎవరూ కేకలు వేయలేదు. ముందు ఒకాయన లేచి చెప్పులు వెతుక్కున్నాడు. తర్వాత కుర్చీలు జరిగాయి. అంతకుముందే ఆడబిడ్డ మెడ పట్టుకొని ఏడ్చిన ఒక ముసలామె కొంగుతో చెంప తుడుచుకుంటూనే ఉంది, తుడిచిన చోటే మళ్లీ తుడుచుకుంటోంది. వ్యాను డ్రైవరు ఇంజను స్టార్ట్ చేశాడు. "ముందే చెప్తె ఏం పోయిందే పిల్లా, మా ఇంట్ల చిన్న పిల్లలున్నరు" అని ఒకామె ఎక్కుతూ అంది. ఆమెను తప్పుపట్టడానికి ఏముంది? వ్యాను వెనక్కి వెనక్కి పోతూ సందు దాటేసరికి షామియానా కింద ఖాళీ కుర్చీలు మిగిలాయి.

నాకు ఒళ్లు మండింది. "ఎంతమంది మెడలు పట్టుకున్నవు?" అని అడిగాను.

"నలుగురివి, అయిదుగురివి" అంది ఆడబిడ్డ. "అమ్మ ఎవ్వరి సావుకు పోకుంట ఉన్నది వదినా? ఒక్కలు గుడ రాకుంట అమ్మను ఎట్ల పంపాలె? అందుకే చెప్పలే. పెద్దమ్మను జూసినంక నాతోని గాలే."

నా పాఠంలో ఇంటివాళ్లు రోగాన్ని దాచేది తలుపుకు తాళం పడకుండా ఉండటానికి. పదిమంది వచ్చి ఏడవాలని దాచినవాళ్లు నాకు ఏ పుస్తకంలోనూ తగల్లేదు. అయినా కోపం తగ్గలేదు. ఒక్క మాట ఉన్నదున్నట్టు చెప్పాలి. ఆ క్షణంలో నాకు అన్నిటికంటే ఎక్కువ కలిగింది సంతోషం. అత్తమ్మ ఆగిపోయింది, అది చాలు నాకు.

ఆ సంతోషం ఎంతోసేపు లేదు. శవాన్ని తీసుకుపోయే బండి సందు మొదట్లో ఆగింది. అక్కడిదాకా పాడె మోయాలి. ఆడబిడ్డ భర్త ఉన్నాడు, నెత్తినుంచి కాళ్లదాకా తొడుగు వేసుకున్న బండి డ్రైవరు ఉన్నాడు. మా ఆయన తల్లి వైపు చూశాడు, తర్వాత నా వైపు చూశాడు.

"నువ్వు పోవద్దు" అన్నాను.

"పో బిడ్డ" అంది అత్తమ్మ. "దానికి కొడుకు లేడు."

ఆమె నా మొహం చూడలేదు. అతను జేబురుమాలు మాస్కు మీద కట్టుకొని లోపలికి వెళ్లాడు. చీర కవరు నేను తీసుకెళ్లి గేటు అరుగు మీద పెట్టి వెనక్కి వచ్చాను. ఆడబిడ్డ దాన్ని లోపలికి తీసుకెళ్లి కప్పింది. నాలుగో మనిషి కోసం కాసేపు చూశారు. ఎదురిళ్ల తలుపులు మూసే ఉన్నాయి. చివరికి జ్వరంతోనే ఆడబిడ్డ కొంగు నడుముకు దోపుకొని తల్లి పాడె కింద భుజం పెట్టింది. అత్తమ్మ రోడ్డు మధ్యలో నిలబడి చూసింది. పాడె తన ముందునుంచి పోతున్నప్పుడు దండం పెట్టింది, అంతే. గొంతు రాలేదు.

పాడె మోసి వచ్చిన మా ఆయనను మేడ మీద ఓనరు గదిలో విడిగా ఉంచాం. ఆ గదిలో పాత కూలరు, విరిగిన కుర్చీలు ఉంటాయి. ఓనరును బతిమాలి తాళంచెవి తీసుకున్నాను. మూడు పూటలా అన్నం మెట్ల మీద పెట్టి, తలుపు కొట్టి, కిందికి దిగి నిలబడేదాన్ని. అతను తలుపు తీసి "తిన్న" అని చెప్పేదాకా మెట్ల దగ్గరే ఉండేదాన్ని. కావలివాడి ఉద్యోగం ఇంత కష్టమైనదని అప్పటిదాకా నాకు తెలియదు. మూడోరోజు అతనికి జ్వరం వచ్చింది. ఆ సంగతి అత్తమ్మకు చెప్పలేదు. మేడ మీద అతను దగ్గితే మెట్ల దాకా వెళ్లి వినేదాన్ని, అత్తమ్మ గొంతు సవరించుకుంటే వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చేదాన్ని. ఆక్సిజన్ ఎంతుందో చూడటానికి వేలికి పెట్టే మిషను తెచ్చి పూటకోసారి ఆమె వేలికి పెట్టేదాన్ని. "వేలు అరుగుతది" అని కూడా అనేది కాదు, చెయ్యి చాపి ఊరుకునేది. ఆమె ఎత్తిపొడవకపోవడం నన్ను జ్వరం కంటే ఎక్కువ భయపెట్టింది.

ఆ వారంలోనే క్లాసుల్లో మళ్లీ ప్లేగు వచ్చింది. వాయిదా వేద్దామంటే సిలబసు ఒప్పుకోదు. ముసలమ్మ దగ్గరికి వచ్చేసరికి నడుం వంచలేకపోయాను, మామూలుగా చదివేశాను. ఒక అమ్మాయి అడిగింది.

"మేడం, తాళమేసిన ఇంట్ల ఉన్నోళ్లు లోపల ఏం చేస్తుండె?"

ఇన్నేళ్లలో ఆ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు, నేనూ వేసుకోలేదు. బయట ఏం జరిగేదో మాత్రమే చెప్పేదాన్ని. చూసి చెప్తాను అని ఫోన్ ఆపేశాను. పక్క గదిలో మంచం మీద గోడ వైపు తిరిగి అత్తమ్మ కూర్చొని ఉంది.

మా ఆయన జ్వరం తగ్గింది. ఆడబిడ్డ కూడా కోలుకుంది, చాలా రోజులు నీరసంగా ఉందట. ఆ రోజు వచ్చినవాళ్లలో ఇద్దరు మంచం పట్టి, దేవుడి దయవల్ల లేచారు. చుట్టాలందరూ ఆ పిల్లను దోషిని చేశారు. పదకొండో రోజు పెట్టిన అన్నం ఎవరూ ముట్టలేదు. అసలు ఎవరూ రాలేదు. ఇవన్నీ నాకు అర్థమయ్యాయి. అర్థం కానిది అత్తమ్మ. చెల్లెలు పోయినప్పటినుంచీ ఆమె కంట నీరు లేదు. సగంలో ఆగిన శోకం సగంలోనే ఉండిపోయింది. ఏడవని ఏడుపు ఛాతీలోనే గడ్డకడుతుందని మావాళ్లు అంటారు. నేను చరిత్ర టీచర్ని, ఇలాంటివి నమ్మకూడదు. కానీ ఆమె ఆయాసం ఎక్కువైంది, డాక్టరు ఊపిరితిత్తులు బాగానే ఉన్నాయన్నాడు. ఆడబిడ్డ వారానికోసారి ఫోన్ చేసేది. "పెద్దమ్మకు ఇయ్యి వదినా" అనేది. నేను తీసుకెళ్లి ఇస్తే అత్తమ్మ ఫోన్‌ను మంచం మీద బోర్లా పెట్టేది.

ఒకరోజు ఆగలేక అడిగాను.

"అత్తమ్మా, ఆ పిల్ల అబద్ధం చెప్పిందనేనా నీ కోపం?"

"అబద్ధానికి గాదు" అంది.

వానలు వెనకబట్టాక సెంటరు మళ్లీ తెరిచారు. చుట్టాల ఇళ్లలో పెళ్లిళ్లు మొదలయ్యాయి. ఒక ఆదివారం మధ్యాహ్నం నేను బట్టలు మడతపెడుతున్నాను, అత్తమ్మ హాల్లో టీవీ ముందు కూర్చొని ఉంది. కింద మెట్ల దగ్గర ఎవరో అరిచినట్టనిపించింది. రెండో అరుపుకు అది అరుపు కాదని తెలిసింది.

"ఓ పెద్దమ్మా... నా తల్లి తోడబుట్టినదానా..."

ఆడబిడ్డ మెట్ల మలుపులోనే గొంతెత్తింది. చెప్పాపెట్టకుండా వచ్చింది. అత్తమ్మ లేచిన తీరు చూసి నేను బెదిరిపోయాను, మంచం పట్టుకొని లేచే మనిషి ఒక్క ఊపులో లేచింది. ఆమె వెంట నేను గుమ్మం దాకా పరిగెత్తాను. పట్టుకోవాలా వద్దా అని ఒక్క క్షణం నా చెయ్యి గాల్లోనే ఆగింది. తర్వాత దించేశాను. లిఫ్టు ముందర, చెప్పుల స్టాండు పక్కన, వాళ్లిద్దరూ ఒకరి మెడ ఒకరు పట్టుకున్నారు. అత్తమ్మ గొంతెత్తింది. నాకు తెలిసినప్పటినుంచీ ఆమె గొంతు అంత పెద్దగా రావడం నేను వినలేదు. మూసారాంబాగ్ గదులు వచ్చాయి అందులో, అటక మీది సామాను వచ్చింది, చెల్లెలికి జడ వేసిన రోజులు వచ్చాయి. బట్టల మడత చేతిలో పట్టుకొని నేనూ ఏడ్చాను.

ఎదురు ఫ్లాటు తలుపు తెరుచుకుంది. వాళ్లది గుంటూరు వైపు. ఆవిడ హడావుడిగా బయటికి వచ్చి మెల్లగా అడిగింది.

"ఏమైందండీ? ఎవరు పోయారు?"

"మా చిన్నత్తమ్మ అండి."

"అయ్యో. ఎప్పుడండీ?"

"ఎండాకాలంలో."

ఆవిడకు ఏమీ అర్థం కాలేదు. అయినా లోపలికి వెళ్లలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకొని గుమ్మంలోనే నిలబడిపోయింది.

అత్తమ్మ శోకం చావురోజుకు వచ్చింది. చెంప ఆడబిడ్డ చెంపకు ఆనించే ఉంది, రాగం మాత్రం పదునెక్కింది.

"నలుగురు లేని సావు చేస్తివి గాదే నీ తల్లికి... అంతమంది వస్తిరి, అందర్నీ ఎళ్లగొడితివి... ఒక్క ముసలి పానం నాది కాపాడనీకి..."

ఆడబిడ్డ మెడ వదలలేదు. ఏడుస్తూనే అదే రాగంలో జవాబు చెప్పింది.

"అమ్మ ఎట్ల గుడ పోయింది పెద్దమ్మా... నువ్వన్న ఉండాలె గద నాకు..."

అత్తమ్మ రాగం తెగిపోయింది. మెడ పట్టుకున్న చేతులు ఇంకా బిగించి, రోజూ మాట్లాడే గొంతుతో అంది.

"ఎరికె బిడ్డ. గందుకే నాకు కోపం."